మీటర్‌లో చూపించే మైలేజీకీ బంకు లెక్కకీ తేడా: ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు ఖర్చును ఎలా లెక్కేస్తుంది?

హైవే_65 (ప్రశ్న)

1.2 లీటర్ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, పోర్ట్ ఇంజెక్షన్. పోస్తున్నది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). మీటర్‌లో సగటు మైలేజీ 18.9 చూపిస్తోంది. అదే దూరానికి ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ లెక్క వేస్తే 17.2 వస్తోంది. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ డేటాని ఫోన్‌కి పంపే ప్లగ్) పెట్టి ఫోన్‌లో చూస్తే ఏకంగా 20. పెట్రోలు పైపులో ఫ్లో మీటర్ లాంటిది ఉంటుందా? లేకపోతే కంప్యూటర్ ఈ అంకె ఎక్కణ్ణుంచి తెస్తోంది? మూడింట్లో దేన్ని నమ్మాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రైల్‌ప్రెషర్

ఫ్లో మీటర్ ఉండదండి. మామూలు కార్లలో దాని అవసరం కూడా లేదు. ఎంత పెట్రోలు కొట్టాలో చెప్పేదే ఈసీయూ కాబట్టి, తను ఇచ్చిన ఆదేశాలన్నీ కూడుకుంటూ పోతే ఖర్చు తేలిపోతుంది. చాలా బండ్లలో ఈసీయూ ఆ మొత్తాన్ని మైక్రోలీటర్లలో క్యాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లను కలిపే డేటా వైరు) మీద మీటర్‌కి పంపుతుంది. మీటర్ దాంతో దూరాన్ని భాగిస్తుంది, అంతే.

అంకెలతో చూద్దాం. ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే కరెంటు వాల్వ్) పూర్తిగా తెరిచి ఉంచితే నిమిషానికి 150 సీసీ పారుతుందనుకోండి. అంటే మిల్లీసెకనుకు 0.0025 సీసీ. ఇంజిన్ 2400 ఆర్‌పీఎంలో ఉంది. ఒక్కో ఇంజెక్టర్ రెండు చుట్లకోసారి కొడుతుంది, కాబట్టి నిమిషానికి 1200 సార్లు, నాలుగూ కలిపి 4800. ఒక్కోసారి 6 మిల్లీసెకన్ల పల్స్ (ఇంజెక్టర్ తెరవడానికి ఇచ్చే కరెంటు) ఇస్తోంది. అందులో మొదటి 1 మిల్లీసెకను వృథా. కాయిల్‌లో కరెంటు పెరిగి, స్ప్రింగ్ బలాన్ని దాటి సూది లేచేసరికి ఆ మాత్రం పడుతుంది. దీన్నే డెడ్ టైమ్ అంటారు. మిగిలిన 5 మిల్లీసెకన్లకు 0.0125 సీసీ, 4800తో గుణిస్తే నిమిషానికి 60 సీసీ, గంటకు 3.6 లీటర్లు. స్పీడ్ 72 ఉంటే లీటరుకు 20 కిలోమీటర్లు.

తప్పు దొర్లేది ఈ డెడ్ టైమ్ దగ్గరా, ఇంజెక్టర్‌కి వచ్చే పెట్రోలు ప్రెషర్ దగ్గరా. బ్యాటరీ వోల్టేజీ 14 నుంచి 12కి పడితే సూది ఇంకా ఆలస్యంగా లేస్తుంది. దానికి ఈసీయూలో ఒక పట్టిక ఉంటుంది గానీ అది కొత్త ఇంజెక్టర్ మీద వేసిన పట్టిక. డెడ్ టైమ్ 0.2 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే పై ఉదాహరణలో తప్పు 4 శాతం. అదే ఐడ్లింగ్‌లో, అసలు పారే సమయమే 2.5 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు, 8 శాతం. సిటీ ట్రాఫిక్‌లో మీటర్ అంకె ఎక్కువ తప్పడానికి ఇదో కారణం.

ఇక ప్రెషర్. పారుదల ప్రెషర్‌కి వర్గమూలం లెక్కన మారుతుంది. 3 బార్ ఉండాల్సిన చోట 2.7 ఉంటే 5 శాతం తక్కువ పారుతుంది. పెట్రోలు చాలట్లేదని సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పగానే ఈసీయూ పల్స్‌ని 5 శాతం పొడిగిస్తుంది. నిజానికి సిలిండర్‌లో పడింది ఎప్పటి పెట్రోలే, కానీ పల్స్ పొడుగైంది కాబట్టి లెక్కలో 5 శాతం ఎక్కువ పడుతుంది. అందుకని బండిలోని పెట్రోలు పంపు బలహీనపడ్డా, ఇంజెక్టర్‌లో మడ్డి పట్టినా మీటర్ మైలేజీని అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఇంజెక్టర్ కారుతుంటే దీనికి తిరగబడి ఎక్కువ చూపిస్తుంది. కానిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) నుంచి పర్జ్ వాల్వ్ గుండా వచ్చే పెట్రోలు ఆవిరి కూడా ఇంజిన్‌లోనే కాలుతుంది. అది ఇంజెక్టర్ దాటి రాలేదు కాబట్టి ఈ లెక్కలో చేరదు.

ఇంజిన్ బాగా వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తన బేస్ లెక్క మీద పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) ఎంతుందో చూసి చెప్పండి. ఓబీడీలో పీఐడీ (ఒక్కో రీడింగ్‌కి ఉండే కోడ్) 07. ఐడ్లింగ్‌లో ఒకసారి, 80 స్పీడ్‌లో ఒకసారి.

స్కానర్_సత్తెనపల్లి

ఫోన్ యాప్ సంగతి నేను చెప్తా. దానికి ఇంజెక్టర్ పల్స్ సాధారణంగా అందదు. పీఐడీ 5ఈ ఇచ్చే బండి అయితే ఈసీయూ సొంతంగా లెక్కేసిన లీటర్లు/గంట అంకె నేరుగా వస్తుంది, గొడవే లేదు. చాలా బండ్లు ఇవ్వవు. అప్పుడు యాప్ గాలి వైపు నుంచి వస్తుంది. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలి బరువు కొలిచేది) ఉంటే దాని అంకె, లేకపోతే మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ప్రెషర్, గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం.

మీ 1.2 ఇంజిన్‌కే వేసి చూపిస్తా. మ్యానిఫోల్డ్‌లో 50 కిలోపాస్కల్స్, గాలి 40 డిగ్రీలు. ఆ గాలి లీటరుకు 0.557 గ్రాములు తూగుతుంది. 1.2 లీటర్లు, వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్ గాలితో నిజంగా ఎంత నిండుతుందో) 80 శాతం, 2400 ఆర్‌పీఎంలో సెకనుకు 20 ఇన్‌టేక్ సైకిళ్లు. మొత్తం సెకనుకు 10.7 గ్రాముల గాలి. ఒక గ్రాము పెట్రోలు కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి, కాబట్టి 14.7తో భాగిస్తే పెట్రోలు 0.73 గ్రాములు. లీటరుకు 745 గ్రాముల లెక్కన గంటకు 3.5 లీటర్లు. పైన అన్న ఇంజెక్టర్ లెక్కకి దగ్గరగానే వచ్చింది కదా.

కానీ ఆ 80 శాతం యాప్ ఊహించుకున్నది. నిజానికి అది ప్రతి ఆర్‌పీఎంకీ, ప్రతి లోడ్‌కీ మారుతుంది. ఆ పట్టిక ఈసీయూ దగ్గర ఉంటుంది, యాప్ దగ్గర ఉండదు. రెండోది, 14.7 అనేది ఇథనాల్ కలపని పెట్రోలుకి. ఇ20కి సుమారు 13.5. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పడుతుంది. ఇ20 సాంద్రత కొంచెం ఎక్కువ, 755 వేసుకోండి. రెండూ కలిపి చూస్తే యాప్ ఖర్చుని ఏడెనిమిది శాతం తక్కువ చూపిస్తోందన్నమాట. మీ 20ని ఆ లెక్కన సరిచేస్తే 18.6. సెట్టింగ్స్‌లో ఈ రెండూ మార్చే వీలుంటే ముందు ఆ పని చేయండి.

ఇంకో తిరకాసు ఉంది. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ ఇంజెక్టర్లు పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు మీటర్ తక్షణ మైలేజీ 99.9కో, గీతలకో పోతుంది, అది సరైనదే. కానీ గాలి మాత్రం ఇంజిన్‌లోకి పోతూనే ఉంటుంది. 2400 ఆర్‌పీఎంలో, 25 కిలోపాస్కల్స్ దగ్గర, సాదా యాప్ గంటకు 1.75 లీటర్లు అని రాసేసుకుంటుంది. అసలు ఖర్చు సున్నా. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది గట్టిగా కనిపిస్తుంది. (న్యూట్రల్‌లో వేసి దిగితే ఐడ్లింగ్ పెట్రోలు ఖర్చవుతుంది, పైగా ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు. దయచేసి అలా దిగకండి.)

ఆటోకట్

బంకు లెక్కని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దండి. నాజిల్ ఆటో కట్ అయ్యే చోటు ఒక లీటరు అటూ ఇటూ మారొచ్చు. 30 లీటర్లు పోయించినప్పుడు ఆ ఒక్క లీటరే 3 శాతం పైచిలుకు. వీలైతే అదే బంకు, అదే పంపు, బండి అదే వాలులో. మొదటి కట్‌కే ఆపించండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టనివ్వకండి. మూడు ఫిల్లింగుల దూరం మొత్తం కూడి, లీటర్లు మొత్తం కూడి, అప్పుడు భాగించండి. విడివిడి మైలేజీలకు సగటు తీయకూడదు. 100 కిలోమీటర్లు 20 ఇచ్చి, ఇంకో 100 కిలోమీటర్లు 10 ఇస్తే ఖర్చు 15 లీటర్లు, సగటు 13.3. పదిహేను కాదు.

పంపు మీదే అనుమానం ఉంటే బంకులో 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది, అడిగితే కొలిచి చూపించాలి. 25 మిల్లీలీటర్ల వరకు తేడా చెల్లుతుంది.

టైర్ల గురించి ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా. 175/65 ఆర్14 తీసి 185/70 ఆర్14 వేస్తే చుట్టుకొలత 5.4 శాతం పెరుగుతుంది, ఓడోమీటర్ అంత తక్కువ దూరం చూపిస్తుంది. కానీ మీటర్ మైలేజీ, మీ బంకు లెక్క రెండూ అదే ఓడోమీటర్ దూరాన్ని వాడుతున్నాయి. తప్పు రెండింట్లోనూ సమానంగా పడుతుంది. రెండింటి మధ్య తేడాకి టైర్లు కారణం కావు.

హైవే_65

అందరికీ థ్యాంక్స్. ట్రిమ్ చూశాను. ఐడ్లింగ్‌లోనూ, 80లోనూ ప్లస్ 6 శాతం దగ్గరే ఉంది. ఇది పంపు సమస్యా? తెలిసిన మెకానిక్ ఇంజెక్టర్ క్లీనింగ్ చేయిద్దామంటున్నాడు.

రైల్‌ప్రెషర్

వద్దండి. ఇథనాల్ లేని పెట్రోలుకో, తక్కువ ఇథనాల్‌కో క్యాలిబ్రేట్ చేసిన బండిలో ఇ20 పోస్తే ప్లస్ 6 రావడం సహజం. అది జబ్బు కాదు. పైగా రెండు చోట్లా ఒకేలా ఉంది. వాక్యూమ్ లీకైతే (మ్యానిఫోల్డ్‌లోకి లెక్కలో లేని గాలి దూరితే) ఐడ్లింగ్‌లో పెరిగి స్పీడ్‌లో తగ్గేది, పంపు నీరసపడితే లోడ్ పెరిగే కొద్దీ పెరిగేది. ఇంకో రుజువు మీ మీటరే. పల్స్ పొడవుతో లెక్కేసే మీటర్ అయితే, ప్రెషర్ తక్కువై ప్లస్ 6 వచ్చినప్పుడు మైలేజీ తక్కువ చూపించాలి. మీది ఎక్కువ చూపిస్తోంది.

ఏ అంకెను మీటర్‌కి పంపాలో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇష్టం. ట్రిమ్ కలపని బేస్ అంకె వెళ్తుంటే మీ తేడాలో 6 శాతం అక్కడే తేలిపోతుంది. మిగతాది నాజిల్ కట్, పర్జ్ ఆవిరి, ఇంజెక్టర్ తయారీలో ఉండే కొద్దిపాటి తేడా. మూడు ఫిల్లింగుల తర్వాత కూడా నిష్పత్తి ఇదే వస్తే మీటర్ అంకెని 0.91తో గుణించి వాడుకోండి. పాత ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల మీటర్లలో ఈ సవరణని 85 నుంచి 115 శాతం దాకా స్కానర్‌తోనే పెట్టొచ్చు. మీ బండిలో ఆ వీలుందేమో సర్వీస్ సెంటర్లో అడగండి.

డీజిల్_దొర

ఇదే లెక్క కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హై ప్రెషర్ పైపు ఉండే) డీజిల్‌కి కూడా పనికొస్తుందా అన్నలూ?

స్కానర్_సత్తెనపల్లి

గాలి లెక్క అస్సలు పనికిరాదు తమ్ముడూ. డీజిల్ ఇంజిన్ అవసరానికి మించిన గాలితో నడుస్తుంది కాబట్టి ఎంఏఎఫ్‌ని ఏ స్థిరాంకంతో భాగించినా చెత్త అంకె వస్తుంది. ఈసీయూ రైల్ ప్రెషర్‌నీ, ఇంజెక్టర్‌కి కరెంటు ఇచ్చిన సమయాన్నీ పట్టికలో చూసుకుని ఒక్కో స్ట్రోక్‌కి ఎన్ని ఘన మిల్లీమీటర్లో తేలుస్తుంది. పైలట్ (ముందు కొట్టే చిన్న మోతాదు), మెయిన్ విడివిడిగా. ఇంజెక్టర్ మార్చినప్పుడు దాని మీదున్న కోడ్‌ని స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించారా లేదా కనుక్కో. పాత కోడ్ అలాగే ఉంటే ఆ సిలిండర్ లెక్క తప్పుతుంది, ఐడ్లింగ్ కూడా దడదడలాడుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి అయితే రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) నడిచిన ట్యాంకుని పోలికలోంచి తీసెయ్. అప్పుడు మసి కాల్చడానికి అదనంగా డీజిల్ కొడుతుంది, మైలేజీ ఎలాగూ పడిపోతుంది.