సమస్యాపూరణం: "పచ్చి యాకు మేసె పండితుండు"

మిత్రులారా, ఈ వారం సమస్య వంటింటి నుంచి వచ్చింది. సమస్య అంటే విడ్డూరంగా కనిపించే ఒక పద్యపాదం, మిగతా పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

పచ్చి యాకు మేసె పండితుండు

పాదంలోని అయిదు గణాలూ గలాలే, అంటే ఒక గురువు (దీర్ఘంగా పలికేది), ఒక లఘువు (పొట్టిగా పలికేది). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ఇక్కడ ప–పం. పైకి చూస్తే పండితుణ్ణి పశువుల కొట్టంలో కట్టేసినట్టుంది. ఆ అసంగతం తొలగి అర్థం కుదరాలి, దారి మీ ఇష్టం. నా మనసులో ఉన్నది మాత్రం పళ్లు, పప్పులు కలిపి తీపి పులుపులతో చేసుకునే ఆకు సలాడ్. ఆ దారి పట్టేవాళ్లకు ఒక్క షరతు. మీ పద్యం చదివి ఎవరైనా వంటింట్లోకి వెళ్తే తినదగ్గ పళ్లెం తయారవ్వాలి. గణాలతో పాటు రుచినీ చూస్తాను.

— నిర్వాహకుడు

గుంటూరు నుంచి

వైద్యు డానతీయ బజ్జీలు మానేసి
కమల తొనలు తేనె కలిపి వైచి
నిమ్మరసము చిలికి కమ్మగా నమలుచు
పచ్చి యాకు మేసె పండితుండు

నిర్వాహకుడు: అమ్మా, ఎత్తుగడ బాగుంది. సమస్యలోని విడ్డూరానికి కారణం మొదటి పాదంలోనే చెప్పేశారు, ఇక పాఠకుడికి సందేహం లేదు. మూడో పాదంలో నిమ్మ–కమ్మ ప్రాసయతి (యతి అక్షరాల బదులు వాటి పక్క అక్షరాలు కలవడం) నోటికి హాయిగా ఉంది. "మానేసి" వాడుక రూపమే, మన దగ్గర దానికి అభ్యంతరం లేదు.

వంట సంగతికి వస్తే రెండు లోట్లు. పప్పు పలుకు ఒక్కటీ లేదు, నూనె చుక్కా లేదు. ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్, విటమిన్ కె లాంటివి కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడతాయి. బజ్జీలు మానమన్న డాక్టరు కూడా ఒక చెంచా నూనెను కాదనరు. కమలా తొనల మీది తెల్లటి పొర తీసేయాలని కూడా చెప్పాలి, లేకపోతే చేదు తగులుతుంది. అదంతా పద్యంలో పట్టదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బందరు నుంచి

మేక దొడ్డి దాటి మిగుల నేమొనరించె?
కవుల సభను మెప్పు గనిన దెవరు?
వరుస తప్పకుండ బదులు చెప్పెద విను
పచ్చి యాకు మేసె, పండితుండు

నిర్వాహకుడు: మాస్టారూ, క్రమాలంకారం మీ చేతిలో ఎప్పుడూ చక్కగా ఒదుగుతుంది. రెండు ప్రశ్నలు వేసి, సమస్యనే రెండుగా విరిచి జవాబులు చేశారు. అవధానాల్లో ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఇరికించాలని చూసినప్పుడు అవధాని పట్టుకునే దారుల్లో ఇదొకటి. ఒక్క మనవి. "మిగుల" అక్కడ యతి కోసం వచ్చి కూర్చుంది, అర్థానికి పని చేయడం లేదు. "మెరక" అంటే ఎలా ఉంటుంది? "మేక దొడ్డి దాటి మెరక నేమొనరించె". గణం మారదు, యతి చెడదు, మేకకు మేయడానికి ఒక చోటు దొరుకుతుంది.

బందరు: మెరక బాగుంది. అదే ఉంచండి. సలాడ్ మాత్రం నాకు రాదు నాయనా, మా ఇంట్లో పచ్చిగా తినేది వడపప్పు ఒక్కటే.

నిర్వాహకుడు: వడపప్పు మాత్రం ఏం తక్కువ మాస్టారూ. శ్రీరామనవమికి నానిన పెసరపప్పు, కొబ్బరి, మామిడి కోరు, నిమ్మరసం, కొత్తిమీర. పప్పు, పులుపు, పచ్చి ఆకు మూడూ అందులో ఉన్నాయి.

రాజమండ్రి నుంచి, ఒక అభ్యంతరం

సమస్యలో "మేసె" అన్న క్రియ నాకు నచ్చలేదండి. పండితుడు తింటాడు, ఆరగిస్తాడు. మేయడమేమిటి?

నిర్వాహకుడు: ముడి అక్కడే ఉందండి. "తినె" అని ఇస్తే పూరించడానికి ఏమీ మిగలదు. పండితుడు మేశాడు అన్నమాటను ఎవరైతే సహజం చేస్తారో వాళ్లే ఈ సమస్యను గెలిచినట్టు. ఇప్పటిదాకా వచ్చిన పూరణల్లో మాస్టారు ఆ క్రియను మేకకు అప్పగించి తప్పించుకున్నారు. పండితుడి మీదే ఉంచి ఒప్పించేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నాను.

నల్లగొండ నుంచి

పాలకూర కడిగి బత్తాయి దానిమ్మ
గింజ లందు వేసి కెంపు మెరయ
వేరుసెనగ పలుకు వేయించి పై జల్లి
పచ్చి యాకు మేసె పండితుండు

నిర్వాహకుడు: "కెంపు మెరయ" దగ్గర ఆగిపోయాను. పచ్చటి ఆకు మీద దానిమ్మ గింజలు పడ్డప్పటి రంగు కళ్లకు కట్టింది. యతులన్నీ నిక్కచ్చి. అయితే మీ ఊరి బత్తాయిని నేను తక్కువ చేయను గానీ, అందులో పులుపు చాలా తక్కువ. దానిమ్మా తీపే. పల్లీలు కమ్మన. మొత్తం పళ్లెం ఒకే వైపు ఒరిగిపోతోంది. నాలుగు ముద్దలు తినేసరికి మొహం మొత్తుతుంది. పులుపు ఎక్కడి నుంచైనా తెండి.

నల్లగొండ: మూడో పాదం మార్చిన సార్, చూడండి.

పల్లి వేచి చల్లి పైన నిమ్మను పిండి

నిర్వాహకుడు: భేష్. ప–పై యతి కుదిరింది, నిమ్మతో బత్తాయికీ ప్రాణం వచ్చింది. లేత పాలకూరే తీసుకోవాలని చదివేవాళ్లకు చెబుతున్నాను. ముదురు ఆకు పచ్చిగా తింటే పళ్లు గరగరలాడతాయి. పల్లీలు సన్నని సెగ మీద వేయించి, పొట్టు ఊది, పూర్తిగా చల్లారాకే చల్లాలి. వేడిగా ఉండగా చల్లితే ఆకు వాడిపోతుంది. నిమ్మ మాత్రం కలిపాక ఆలస్యం వద్దు.

హైదరాబాద్ నుంచి, కాలేజీ విద్యార్థి

సార్, ఇది నా మొదటి ఆటవెలది. టెన్షన్‌గానే పెడుతున్నాను.

తరిగి యాపి లొకటి తడిపి నిమ్మరసాన
వాలునట్లు వేచి మీద జల్లి
ఆవపొడియు నూనె హాయిగా గిలకొట్టి
పచ్చి యాకు మేసె పండితుండు

నిర్వాహకుడు: బాబూ, టెన్షన్ ఎందుకు, గణాలు బాగా పట్టుబడ్డాయి నీకు. మొదటి పాదం విడదీసి చూపిస్తాను, కొత్తవాళ్లకు పనికొస్తుంది. తరిగి (న), యాపి (గల), లొకటి (న), తడిపి ని (నగ), మ్మరసాన (సల). న అంటే మూడు లఘువులు, నగ అంటే వాటి తర్వాత ఒక గురువు, సల అంటే రెండు లఘువులు, గురువు, లఘువు. "నిమ్మ" మధ్యలో గణం విరిగింది, అది దోషం కాదు. "మ్మ" ముందున్న "ని" గురువైంది, దాన్ని గమనించి వాడావు.

చిక్కు రెండో పాదంలో, వాల్‌నట్ల దగ్గర ఉంది. మొదటి అక్షరం వా, నాలుగో గణం మొదటి అక్షరం మీ. వీటికి హల్లు కుదరలేదు, అచ్చూ కుదరలేదు. ఒక్క మాట మారిస్తే చాలు, "వాలునట్లు వేచి పైన జల్లి". వకారానికి పకారంతో మైత్రి, ఆకారానికి ఐకారంతో మైత్రి. మూడో పాదంలో ఆ–హా చెల్లుతుంది.

వంట విషయంలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే నాకు ముచ్చటగా అనిపించింది. కోసిన ఆపిల్‌కు గాలి తగిలితే అందులోని ఎంజైమ్ పని చేసి ముక్క నల్లబడుతుంది. నిమ్మరసం ఆ పనిని నెమ్మది చేస్తుంది. నువ్వు ముందు తడిపి తర్వాత మిగతా పని మొదలుపెట్టావు, వరుస సరైనది. ఇక ఆవపొడి. నూనె, పులుపు ఎంత గిలకొట్టినా కాసేపటికి విడిపోతాయి. ఆవపొడి వాటిని కలిపి పట్టి ఉంచుతుంది. ఆ చిక్కటి డ్రెస్సింగే ఆకుకు సమంగా అంటుతుంది. ఇది ఎవరు నేర్పారు నీకు?

హైదరాబాద్: మా అమ్మ సార్. ఆవకాయ పొడి మిగిలితే కొంచెం వేస్తుంది. "పైన" అని సవరించాను.

గుంటూరు: ఆవకాయ పొడిలో కారం, ఉప్పు కూడా ఉంటాయి కదా బాబూ, ఉప్పు విడిగా వేయకుండా ఉండాలి.

హైదరాబాద్: అవునండీ, వెయ్యదు. కొంచెం బెల్లం తురుము వేస్తుంది.

న్యూజెర్సీ నుంచి

వాలుడార్ఫు పేర వన్నెకెక్కిన వంట
మూడు దినుసు లందు ముద్దు లొలుకు
అందు లేని పలుకు లానాడు నే జేర్చ
పచ్చి యాకు మేసె పండితుండు

నేపథ్యం చెబితే పద్యం తేలికవుతుంది. న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ హోటల్ 1893లో తెరిచారు. అక్కడ భోజనశాల పెత్తనం చూసిన ఆస్కర్ చిర్కీ పేరు మీదే ఈ సలాడ్ ప్రచారమైంది. 1896లో అచ్చయిన ఆయన వంటల పుస్తకంలో ఉన్నవి ఆపిల్, సెలరీ, మయొనేజ్, మూడే. ఈ రోజు వాల్డార్ఫ్ అనగానే అందరికీ గుర్తొచ్చే వాల్‌నట్లు తర్వాత వచ్చి చేరాయి.

నిర్వాహకుడు: పద్యంలో చరిత్ర ఇమిడింది, సంతోషం. "పలుకులు + ఆనాడు" సంధిలో దాగిన ఆకారానికి మొదటి అకారంతో యతి వేశారు, స్వరయతి. బాగా తెలిసిన చెయ్యి. ఒక్కటే కొరత. "ఆనాడు అందు లేని పలుకులు నే జేర్చ" అని అన్వయించుకోవాలి, కొంచెం దూరాన్వయం. రెండోసారి చదివితే గానీ తెలియడం లేదు. ఆకు సంగతి కూడా ఒక మాట. ఆ సలాడ్‌ను లెట్యూస్ ఆకు మీద పెట్టి ఇస్తారు కాబట్టి "పచ్చి యాకు" న్యాయమే, గానీ పద్యంలో ఆకు ప్రస్తావన సమస్యా పాదంలో తప్ప ఎక్కడా లేదు.

న్యూజెర్సీ: ఒప్పుకుంటానండి. మయొనేజ్ బదులు గట్టి పెరుగు, తేనె, నిమ్మరసం కలిపితే మన నోటికి ఇంకా బాగుంటుంది. మా ఇంట్లో పిల్లలకు అలాగే చేస్తాం.

తెనాలి నుంచి

వక్క పలుకు సున్నమొక్కింత దట్టించి
ఏలకులను చేర్చి యింపు గాను
విందు ముగిసినంత వీడియ మంచును
పచ్చి యాకు మేసె పండితుండు

నిర్వాహకుడు: తమలపాకు! ఇంతమంది సలాడ్ చుట్టూ తిరుగుతుంటే మీరు తాంబూలం పెట్టారు. భోజనమయ్యాక పచ్చి ఆకు నమలడంలో పండితుడికి పరువు తక్కువేమీ లేదు, పైగా మర్యాద. "యింపు గాను" పూరకమే, ఇంకేదైనా సుగంధ ద్రవ్యం వస్తే బాగుండేది.

శ్రీకాకుళం నుంచి

చుక్కకూర చిగురు సొంపుగా పులుపీయ
మాగినట్టి జామ మధువు లూర
జీడిపప్పు వేచి చిటికె డుప్పును జల్లి
పచ్చి యాకు మేసె పండితుండు

పలాస జీడిపప్పు మా జిల్లాదే కాబట్టి అది లేకుండా రాయలేకపోయాను.

నిర్వాహకుడు: అమ్మా, ఈ వారం నేను వెతుకుతున్నది ఇదే. మిగతా పూరణల్లో పులుపు ఉన్నచోటల్లా అది బయటి నుంచే వచ్చింది, నిమ్మ పిండితేనో నారింజ వేస్తేనో. మీ పళ్లెంలో పులుపు ఆకులోనే ఉంది. తీపి పండులోనే ఉంది. సీసా మూత తీయాల్సిన పని లేదు. మొదటి పాదం పులుపు, రెండోది తీపి, మూడోది కమ్మదనం, ఉప్పు. ఒక్క పాదం వృథా పోలేదు. "చిటికె డుప్పును" దగ్గర గణం ఎంత సాఫీగా నడిచిందో పైకి చదివి చూడండి. చు–సొ, మా–మ, జీ–చి, మూడు యతులూ నిర్దోషం.

చేసుకునేవాళ్లకు నాలుగు మాటలు. చుక్కకూర చిగుళ్లే కావాలి, కాడలు గిల్లేయాలి. చిగుళ్లు కాస్త వాడినట్టుంటే పది నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచండి, ఆకు నీరు పట్టి మళ్లీ నిలబడుతుంది. జామ మరీ మెత్తబడినది వద్దు, ముక్క కోస్తే అంచు నిలవాలి. గింజలు నచ్చనివాళ్లు మధ్య గుజ్జు తీసేయవచ్చు. జీడిపప్పు ఎంత చూస్తున్నా కళ్ల ముందే మాడుతుంది, రంగు తిరగడం మొదలుకాగానే మూకుడులోంచి తీసేయాలి. చుక్కకూర పులుపు ఆక్సాలిక్ ఆమ్లం వల్ల వస్తుంది, కాబట్టి కిడ్నీలో రాళ్ల సమస్య ఉన్నవాళ్లు ఈ ఆకు బదులు లెట్యూస్ వేసుకుని నిమ్మ పిండుకోవడం మేలు.

బందరు: ఈ పద్యానికి నా ఓటు. నోట్లో నీళ్లూరాయి.

రాజమండ్రి: నాదీనూ. కానీ మేసె అన్నది ఇంకా తేలలేదు!

నిర్వాహకుడి పూరణ

రాజమండ్రి వారికి జవాబుగా నా ప్రయత్నం.

పొడిగ నార్చి నూనె పులుపు తేనెయు కల్పి
తినెడు వేళ చూచి తీర్చి దిద్ది
మేక వోలె నమిలి మెల్లగా మెల్లగా
పచ్చి యాకు మేసె పండితుండు

పచ్చి ఆకును అన్నంలా మింగలేం. పీచు నలిగేదాకా దవడ ఆడాల్సిందే, అప్పుడే ఆకులోని రుచి బయటికి వస్తుంది. అందుకే మేకను తెచ్చాను. పండితుడు మేశాడంటే నిదానంగా తిన్నాడని నా అన్వయం.

మొదటి రెండు పాదాలు మాత్రం వంట తెలిసినవాళ్ల కోసం రాశాను. కడిగిన ఆకు గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా పోయేదాకా ఆర్చాలి. తడి ఉంటే నూనె ఆకును పట్టుకోదు, డ్రెస్సింగంతా జారి గిన్నె అడుగుకు చేరుతుంది. మామూలుగా ఒక పాలు పులుపుకు మూడు పాళ్లు నూనె అంటారు. పళ్లు తియ్యగా ఉన్నప్పుడు నేను రెండు పాళ్లే వేస్తాను, తేనె అర చెంచా. ఉప్పు తగలగానే ఆకులోంచి నీరు వచ్చేస్తుంది, కాబట్టి "తినెడు వేళ చూచి" కలపాలి. ఆకు, పళ్లు, డ్రెస్సింగ్ చేత్తో కిందా మీదా తిప్పి, పప్పులు చివర చల్లి వెంటనే వడ్డించాలి. వానాకాలంలో ఆకు సందుల్లో మట్టి, పురుగు ఎక్కువ, ఒక్కో ఆకూ విడదీసి రెండు మూడు నీళ్లలో కడగండి.

రాజమండ్రి: ఒప్పుకున్నానండి. "మెల్లగా మెల్లగా" అనడంతో మేయడం కుదిరింది.

శ్రీకాకుళం: మూడో పాదంలో "నమిలి" అన్నాక నాలుగో పాదంలో మళ్లీ "మేసె" ఎందుకండీ? నమిలాక మేయడమా?

నిర్వాహకుడు: మంచి పట్టు పట్టారమ్మా. "నమిలి" తీసి "నమల" పెడితే క్రియల వరుస చిక్కు ఉండదు, గణమూ చెడదు. "మేక వోలె నమల మెల్లగా మెల్లగా". అలాగే మార్చుకుంటున్నాను.

వచ్చే వారానికి సమస్య, ఆటవెలదిలోనే:

నిమ్మ చెట్టు తేనె నింపి యిచ్చె

పూరణలు శుక్రవారం రాత్రిలోగా పెట్టండి. పప్పు పలుకు ఈసారి తప్పనిసరి కాదు, పులుపు మాత్రం ఉండాలి.