అమెరికా వస్తున్న అమ్మానాన్నల చేతికి పవర్ బ్యాంక్ ఇవ్వాలా, వద్దా?

గుంటూరు_టు_డాలస్:
మా అమ్మానాన్నలు వచ్చే నెల హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వస్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. ఇంగ్లిష్ అంతంతమాత్రం. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, అందుకని వీల్‌చెయిర్ అడిగాం. గుంటూరులో ఇల్లు దాటింది మొదలు ఇక్కడ నా కారు ఎక్కేదాకా ఒకటిన్నర రోజు పడుతుంది.

పాస్‌పోర్టుల ఫోటోలు, టికెట్లు, నా నంబరు, నాన్న మందుల చీటీ అన్నీ అమ్మ ఫోన్‌లోనే ఉన్నాయి. ఆ ఫోన్ ఆగిపోతే ఏంటి పరిస్థితి? అన్నయ్య 20000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత) పవర్ బ్యాంక్ కొనిస్తానంటున్నాడు. నాకు మాత్రం వాళ్ళ చేతికి అది ఇవ్వడం ఇష్టం లేదు. విమానాల్లో రూల్స్ మారాయి. పొరపాటున పెద్ద సూట్‌కేసులో సర్దేస్తే కౌంటర్ దగ్గర ఇబ్బంది. ఛార్జర్, అడాప్టర్, నంబర్లు రాసిన కాగితం చాలని నా అభిప్రాయం. పంపినవాళ్ళు, వచ్చినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_కాజా:
మీ అన్నయ్య చెప్పిందే కరెక్టండి. ఛార్జర్ ఉంటే చాలన్న మాట నడవగలిగినవాళ్ళకు. వీల్‌చెయిర్ పెద్దవాళ్ళను ఒకచోట వరుసగా కూర్చోబెడతారు, గేటు టైమయ్యేదాకా అక్కడే. పక్కన సాకెట్ ఉంటే అదృష్టం. లేకపోతే లేచి వెతుక్కోవాలి. ఆలోపు పిలిస్తే?

మా అత్తగారు ఆ కుర్చీ వదిలితే మళ్ళీ ఎవరూ పట్టించుకోరేమోనని భయపడి బాత్రూమ్‌కి కూడా లేవలేదు. ఛార్జింగ్ ఆరు శాతానికి దిగిందని మాకు వాయిస్ మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేసుకున్నారు. ఆవిడ దిగేదాకా ఇక్కడ మాకు ఒకటే టెన్షన్. తర్వాత మా మావగారు వచ్చినప్పుడు చిన్న పవర్ బ్యాంక్, జానెడు కేబుల్ ఆయన చొక్కా జేబులోనే పెట్టి పంపాం. కూర్చున్నచోటే పెట్టుకున్నారు, ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

ఇంకో మాట. 2014లో అమెరికా వాళ్ళు కొన్ని విదేశీ ఎయిర్‌పోర్టుల్లో ఫోన్ ఆన్ చేసి చూపించమని, ఆన్ కాకపోతే విమానంలోకి అనుమతి లేదని రూల్ పెట్టారు. ఎప్పుడు ఎవరు అడుగుతారో మన చేతుల్లో లేదు. చచ్చిన ఫోన్‌తో సెక్యూరిటీ లైన్లో నిలబడే పరిస్థితి పెద్దవాళ్ళకు రానివ్వకూడదు.

శంషాబాద్_షిఫ్ట్:
ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేస్తున్నాను. పోస్టు పెట్టినాయన భయంలో నిజముంది. చెక్-ఇన్ బ్యాగు ఎక్స్‌రేలో పవర్ బ్యాంక్ కనపడితే మనిషిని పిలిపిస్తారు. సీసాల చుట్టూ చుట్టిన చీరలు, కారప్పొడి పాకెట్లు, అప్పడాల కట్టలు అన్నీ బయటపెట్టి అడుగున ఉన్నది తీయాలి. తిరిగి సర్దేటప్పుడు జిప్పు పట్టదు. ఆ హడావిడిలో పెద్దవాళ్ళ చేతులు వణకడం చూస్తే మాకే బాధగా ఉంటుంది.

కానీ ఇది పవర్ బ్యాంక్ తప్పు కాదు, సర్దినవాళ్ళది. సర్దేది చాలాసార్లు పిల్లలో, చుట్టాలో. కార్గోలో ఎందుకు వద్దంటారో తెలిస్తే ఎవరూ పెట్టరు. అక్కడ బ్యాటరీ అంటుకుంటే సిబ్బంది దాని దగ్గరికి వెళ్ళలేరు. కార్గోలో కొట్టే వాయువు మంటను అణచగలదు, కానీ బ్యాటరీ లోపల ఒక సెల్ పక్క సెల్‌ను వేడెక్కించడాన్ని ఆపలేదు. అందుకే అది చేతి బ్యాగులో, కళ్ళ ముందు ఉండాలి.

కొనేటప్పుడు దాని మీద వాట్-అవర్ (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) అంకె స్పష్టంగా అచ్చయి ఉందో లేదో చూడండి. 100 దాకా అయితే మామూలుగా తీసుకెళ్ళవచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంకెలు చెరిగిపోయినదాన్ని సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటే మేమేమీ చేయలేం.

మెల్‌బోర్న్_మావయ్య:
నేను పూర్తిగా వ్యతిరేకం. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే లోపల మంటలు లేచి పైకప్పు కాలిపోయింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పై అరలో పెట్టిన పవర్ బ్యాంకే కారణమై ఉంటుందని దర్యాప్తులో చెప్పారు. అదే గాల్లో ఉన్నప్పుడు జరిగితే? ఆ తర్వాతే కొరియా పై అరల్లో పెట్టొద్దంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్నే ఆపేసింది. దుబాయ్ వాళ్ళ ఎమిరేట్స్ అదే ఏడాది అక్టోబర్ నుంచి మనిషికి ఒక్కటే అని, అదీ వాడకూడదని చెప్పింది. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కూడా విమానంలో దాంతో ఛార్జింగ్ వద్దంది.

ఇన్ని రూల్స్ మనకే గుర్తుండవు. అరవై ఐదేళ్ళ పెద్దాయనకు ఎలా గుర్తుంటాయి? దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 16 గంటలు. ఆ 16 గంటలూ వాడకూడని వస్తువును మోయించడం ఎందుకు? సీటు దగ్గర యూఎస్‌బీ ఉంటుంది. కేబుల్ ఇచ్చి పంపండి, చాలు.

విజయవాడ_వైండింగ్:
మాది మోటార్ వైండింగ్ షాపు, బ్యాటరీల పనీ చేస్తాం. ముందు లెక్క చూద్దాం. 10000 ఎంఏహెచ్ అంటే దాన్ని 3.7 వోల్టులతో గుణించాలి. 37 వాట్-అవర్ వస్తుంది. 20000 అయితే 74. రెండూ 100 లోపే, కాబట్టి ఏదైనా విమానం ఎక్కుతుంది. అయినా నేను 20000 వద్దంటాను. అది ఇటుకంత బరువు, జేబులో పట్టదు. జేబులో పట్టనిది బ్యాగులోకి పోతుంది, ఆ బ్యాగు పై అరలోకి పోతుంది. అక్కడే ఉండకూడదని కదా మావయ్య గారు చెప్తున్నది.

10000 చాలు. అలాగని 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు నిండుతుందనుకోవద్దు. 3.7ను 5 వోల్టులకు పెంచడంలో, వేడిలో కొంత పోతుంది. ఒకసారి నిండి కాస్త మిగులుతుంది, అంతే. ఎయిర్‌పోర్టులో కూర్చునే కొద్ది గంటలకు అది ఎక్కువే.

సీటు యూఎస్‌బీని నమ్ముకోవద్దు. చాలా విమానాల్లో అది నిదానంగా ఎక్కుతుంది. సినిమా చూస్తూ పెడితే ఎక్కినంతా దిగిపోతుంది. కొన్ని సీట్ల దగ్గర అది పనిచేయదు కూడా. ఇంట్లో డ్రాయర్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత పవర్ బ్యాంక్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పంపకండి. బల్ల మీద పెట్టి వేలితో నొక్కండి. అటూ ఇటూ ఊగితే పొట్ట ఉబ్బిందని అర్థం. అలాంటిది ఇంట్లో కూడా ఉంచకూడదు.

దుబాయ్_కోనసీమ:
చాలా ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాను. ఛార్జర్, అడాప్టర్ చాలన్నవాళ్ళకు ఒక మాట. అమెరికా కోసం చపటా పిన్నుల అడాప్టర్ కొని పంపుతారు. మధ్యలో దిగేది దుబాయ్, ఇక్కడివి బ్రిటిష్ సాకెట్లు, లావుపాటి మూడు చదరపు పిన్నులవి. మన ఛార్జర్ పట్టదు, అమెరికా అడాప్టరూ పట్టదు. చేతిలో రెండూ ఉండి ఛార్జింగ్ లేకుండా కూర్చున్న మనవాళ్ళను చాలామందిని చూశాను.

ఇంకా భయం వేసేది వేరే ఉంది. పై కన్నంలో పెన్ను మూత దూర్చి, కింది కన్నాల మూతలు తెరుచుకోగానే మన రెండు పిన్నులు బలవంతంగా తోస్తారు. ఇంటి దగ్గర అలవాటు కదా. ఇక్కడ ఆ కన్నాలు చదరం, మన పిన్ను గుండ్రం. సరిగా ఆనదు, వేడెక్కుతుంది. వద్దు, దయచేసి ఆ పని చేయొద్దని ఇంట్లో చెప్పి పంపండి.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే వేరే సంగతి, మన గుండ్రని రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ అక్కడ నేరుగా పడుతుంది. కాబట్టి దిగే ఊరినే కాదు, మారే ఊరిని కూడా చూసి అడాప్టర్ కొనాలి. ఇదంతా పెద్దవాళ్ళకు నేర్పడం కంటే ఒక చిన్న పవర్ బ్యాంక్ సులువని నా మాట. ఎమిరేట్స్ వాడొద్దన్నది విమానంలో. ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుని వాడుకోవచ్చు. మనకు కావలసింది కూడా అక్కడే.

గుంటూరు_టు_డాలస్:
కోనసీమ గారూ, దుబాయ్ సాకెట్ సంగతి నేను అసలు ఆలోచించలేదు. థాంక్సండి. ఈ సందట్లో ఇంకో ప్రశ్న: అమ్మ తన మిక్సీ తెస్తానంటోంది. అడాప్టర్ పెడితే నడుస్తుందా?

విజయవాడ_వైండింగ్:
నడవదు. అడాప్టర్ పిన్ను మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. మన మిక్సీ 230 వోల్టులది, అక్కడ వచ్చేది 120. పప్పు నలగదు, మోటార్ మూలుగుతుంది. పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే మిక్సీ కంటే బరువు. అక్కడే ఆ వోల్టేజీకి చేసిన మిక్సీ కొనండి. ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటుంది, వాటికి ఏ భయమూ లేదు.

కరీంనగర్_టీచరమ్మ:
ఇంతసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ మా వయసువాళ్ళ గురించి మాట్లాడుతున్నారు కానీ మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. నేను రిటైర్డ్ టీచర్‌ని, కొడుకు దగ్గరికి ఒక్కదాన్నే పోయి వస్తుంటాను. మాకు గుర్తుండదు, మాకు చేతకాదు అని ముందే తీర్మానం చేసి ఇది ఇవ్వాలా, అది ఇవ్వాలా అని మీలో మీరే వాదించుకుంటే ఎట్లా బాబూ?

మేం భయపడేది వస్తువును చూసి కాదు, కొత్త వస్తువును ప్రయాణం రోజు చేతిలో పెట్టినందుకు. నా కొడుకు కూడా మొదటిసారి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర కారు దిగేటప్పుడు పవర్ బ్యాంక్ ఇచ్చి ‘ఈ బటన్ నొక్కమ్మా’ అన్నాడు. ఏ బటన్? ఎన్నిసార్లు? అడిగే టైమ్ లేదు. రెండోసారి నేనే ముందుగా తెప్పించుకున్నాను. ఇంట్లో వారం రోజులు దానితోనే ఫోన్ ఛార్జ్ చేసుకున్నాను. పెళ్ళికి పోయినా, గుడికి పోయినా అదే. ప్రయాణం నాటికి చేయి అలవాటు పడింది. సెక్యూరిటీలో ఏం తీయాలో కూడా నేనే తీసి ట్రేలో పెట్టాను.

బాబూ, మీ అమ్మకు ఇవ్వాలా వద్దా అని ఇక్కడ అడిగే ముందు ఆమెకే ఒకటి ఇచ్చి వారం వాడించండి. ఇష్టం లేదంటే బలవంతం చేయొద్దు. వాడగలనంటే మీరు అడ్డు చెప్పొద్దు. రోమింగ్ లేకపోతే విమానం గుర్తు నొక్కి, వైఫై ఒక్కటి ఆన్ చేసుకోవడం కూడా నేర్పండి. సిగ్నల్ వెతుక్కుంటూనే ఫోన్ సగం ఖాళీ అవుతుంది. పవర్ బ్యాంక్ కంటే ముందు నేర్పాల్సింది అది.

మెల్‌బోర్న్_మావయ్య:
టీచర్ గారూ, మీరన్నది మనసుకు తాకింది. అయినా నా మాట నేను వదలను. మీలా ఒక్కరే తిరిగి వచ్చేవాళ్ళు వేరు. మొదటిసారి వచ్చేవాళ్ళకు కొత్తవి ఎన్నో ఉంటాయి, వాటిలో ఒకటి తగ్గించాలన్నదే నా తాపత్రయం. ఎంత ఛార్జింగ్ ఉన్నా అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ హాల్లో ఫోన్ వాడనివ్వరు. అక్కడ కొడుకు అడ్రస్, ఫోన్ నంబరు, తిరుగు టికెట్ కాగితం మీదే ఉండాలి. ఫోన్ నిండుగా ఉందన్న ధీమాతో ఆ కాగితం మానేసేవాళ్ళను చూశాను. నా భయమంతా దాని గురించే.

కాకినాడ_కాజా:
కాగితం వద్దని ఎవరన్నారండి? మా మావగారి జేబులో రెండూ ఉన్నాయి. నంబర్లు పెద్ద అక్షరాలతో, తెలుగులో ఒకవైపు, ఇంగ్లిష్‌లో ఒకవైపు రాశాం. కాగితం ఎదుటివాళ్ళకు చూపించడానికి. దారిలో మనవాళ్ళ గొంతు వినడానికి ఫోనే కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది ఎందుకు తీసేయాలో మీరు ఇప్పటికీ చెప్పలేదు.

శంషాబాద్_షిఫ్ట్:
ఇద్దరూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. వినికిడి యంత్రం వాడేవాళ్ళున్నారు. ఈ మధ్య వాటిని పెట్టే ఛార్జింగ్ డబ్బాల్లో కూడా చాలావాటికి లిథియం బ్యాటరీ ఉంటోంది. అది మందుల సంచీలో పడి పెద్ద సూట్‌కేసులోకి వెళ్ళిపోతుంది. తర్వాత బ్యాగు తెరిపించడం అటుంచి, దారిలో యంత్రం ఛార్జింగ్ అయిపోతే అది పెట్టుకున్న పెద్దాయనకు సరిగా వినపడదు, వీల్‌చెయిర్ వాళ్ళు పేరు పెట్టి పిలిచినా సరే. గుంటూరు గారూ, మీ నాన్నగారికి అలాంటిది ఉందా? ఉంటే ఆ డబ్బాను ముందు రోజు రాత్రి నిండా ఛార్జ్ చేయించి, అమ్మగారి చేతి సంచీలో ఫోన్ పక్కనే పెట్టించండి.