అమ్మే ఇళ్లను అలంకరించే పని: సామాను కొనుక్కోవాలా, అద్దెకు తెచ్చుకోవాలా?

కొత్త గడప
అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు కగ్గదాసపురలో ఉంటున్నాం. హోమ్ స్టేజింగ్ పని మొదలుపెట్టి పది నెలలైంది. తెలియనివాళ్ల కోసం ఒక మాట: అమ్మకానికి పెట్టిన ఖాళీ ఫ్లాట్‌లో సోఫా, మంచం, కర్టెన్లు, దీపాలు, పటాలు సర్దుతాం. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో కళ్లకు కట్టాలి. ఇల్లు అమ్ముడయ్యాక సామాను వెనక్కి తెచ్చేసుకుంటాం.

ఇప్పటికి ఆరు ఫ్లాట్లు చేశాను. పెద్ద సామాను అంతా అద్దెకే తెచ్చాను. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు సరిపడా సామాను సెట్టుకు నెలకు 16,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 18,880. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి ఆ పన్ను వెనక్కి రాదు. అదే సెట్టు కొంటే 2,40,000 అవుతుంది. కేఆర్ పురం దగ్గర ఒక గోడౌన్ చూశాను, నెలకు 22,000, మూడు సెట్లు పడతాయి. మా ఆయన లోన్ తీసుకుని మూడూ కొనేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

గోడౌన్ అక్క
కొనమ్మా. ఆలోచించాల్సిన పనే లేదు. తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, హొసకోటె దారిలో నా గోడౌన్ ఉంది, ఎనిమిది సెట్లున్నాయి. అద్దె సామానుతో పని చేస్తే మన చెయ్యి ఎప్పుడూ వాళ్ల కింద ఉంటుంది. బూడిదరంగు సోఫా అడిగితే గోధుమరంగు పంపుతారు. శుక్రవారం రావాల్సింది సోమవారం వస్తుంది. ఫోటోలు తీసేవాడు శనివారానికి కుదిరి ఉంటాడు. అప్పుడు నీ ముఖం చూసేదెవరు?

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. సోఫాలన్నీ లేత రంగుల్లోనే తీసుకో, వేరే వేరే దిండు గలీబులతో తేడా చూపించు. ఒక సెట్టు సోఫాకు నాలుగు జతల గలీబులుంటే నాలుగు ఇళ్లలో నాలుగు రకాలుగా కనబడుతుంది. మంచాలు విప్పి కట్టేవే కొను. చెక్కపొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు జోలికి పోవద్దు. కాస్త చెమ్మ తగిలితే అంచులు ఉబ్బుతాయి, రెండోసారి స్క్రూ బిగిస్తే పట్టదు. నీటికి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్‌తో చేయించుకుంటే ఇరవైసార్లు విప్పి కట్టినా నిలబడుతుంది.

మూడో అంతస్తు
సోఫా ఏడడుగులు దాటితే చాలా అపార్ట్‌మెంట్లలో సర్వీస్ లిఫ్టులో పట్టదు. ముందు అది చూసుకోండి.

లెక్కల అనంతపురం
కొత్త గడప గారూ, దయచేసి తొందరపడకండి. మీరిచ్చిన అంకెలతోనే చెబుతాను.

మూడు సెట్లకు గోడౌన్ 22,000 అంటే సెట్టుకు నెలకు 7,333, ఏడాదికి దగ్గరదగ్గర 88,000. ఒక సెట్టు ఏడాదిలో ఏడు నెలలు ఇళ్లలో ఉంటుందనుకుందాం. ఏడు నెలల అద్దె 1,32,160 మీకు మిగులుతుంది. అందులో గోడౌన్ తీసేస్తే 44,160. రెండు లక్షల నలభై వేలు తిరిగి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. హమాలీలు, టాటా ఏస్, లోన్ వడ్డీ ఇంకా కలపనేలేదు.

ఆ ఏడు నెలలు కూడా నేను ఉదారంగా వేసిన లెక్క. ఆషాఢంలో కన్నడ వాళ్లు, తెలుగు వాళ్లు ఇద్దరూ ఇల్లు కొనడానికి అడ్వాన్సు ఇవ్వరు. పితృపక్షాల్లో ఇవ్వరు. మళ్లీ ధనుర్మాసం. అద్దె సామానైతే తిరిగి ఇచ్చేయొచ్చు. సొంత సామాను గోడౌన్‌లో కూర్చుని అద్దె తింటుంది.

గోడౌన్ అక్క
అన్నా, మీ లెక్క మూడు సెట్లవాళ్లకు. నా గోడౌన్ 24,000, ఎనిమిది సెట్లు. సెట్టుకు నెలకు 3,000. ఇప్పుడు వేసి చెప్పండి.

లెక్కల అనంతపురం
వేశాను. ఏడాదికి 96,160 మిగులుతుంది, రెండున్నరేళ్లలో డబ్బు తిరిగి వస్తుంది. కానీ మీ బండి, హమాలీల ఖర్చు ఇంటికి ఎంత?

గోడౌన్ అక్క
తీసుకెళ్లి తెచ్చేదానికి రెండువైపులా కలిపి 9,000.

లెక్కల అనంతపురం
ఏడాదిలో నాలుగు ఇళ్లు అనుకుంటే 36,000. అది తీస్తే నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ సోఫా కొత్తగానే ఉంటుందా? ఎనిమిది సెట్లున్న మీకే నాలుగేళ్లయితే మూడు సెట్లతో ఆమె ఏం కావాలి?

కేఆర్‌పురం కార్పెంటర్
చట్రం మంచి కట్టెదైతే పదేళ్లు ఉంటుంది సార్. పాడయ్యేది గుడ్డ, ఫోమ్. రెండేళ్లకోసారి గుడ్డ మార్పిస్తే చాలు.

మూడో అంతస్తు
గుడ్డ సంగతి కాదు. లిఫ్టులో నిలువుగా పెట్టి ఎక్కిస్తే మూలలు చిరుగుతాయి. మా బ్లాకులో ఒకాయన లిఫ్టు అద్దం పగలగొట్టాడు, అసోసియేషన్ 12,000 వసూలు చేసింది. టూ సీటర్లే రెండు కొనండి.

డాలస్ తమ్ముడు
ఇక్కడ అమెరికాలో పెద్ద స్టేజింగ్ కంపెనీలకు సొంత వేర్‌హౌస్‌లు ఉంటాయి, చిన్నవాళ్లు కార్ట్ (CORT) లాంటి ఫర్నిచర్ కంపెనీల నుంచి అద్దెకు తెస్తారు. రెండూ నడుస్తాయి. బండి నేరుగా గుమ్మం దాకా వస్తుంది కాబట్టి లిఫ్టు గొడవ చాలా చోట్ల ఉండదు.

గోడౌన్ అక్క
కొత్త గడపా, కొన్నా కొనకపోయినా ఒకటి ఇవాళే మొదలుపెట్టు. ప్రతి వస్తువుకూ నంబరు. సోఫాకు సో-07, దీపానికి దీ-23, గలీబుకు కూడా. అడుగున స్టిక్కర్ అంటించి ఎక్సెల్‌లో ఫోటో, కొన్న తేదీ, ధర, ఎన్ని ఇళ్లు తిరిగింది, ఇప్పుడెక్కడుంది అన్నీ రాయి. మొదటి ఏడాది నేను రాయలేదు. 19 గలీబులు, రెండు లాంపు షేడ్లు, నీళ్లలో పూలు వేసి పెట్టే ఒక ఇత్తడి ఉర్లి ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలియదు. ఉర్లి మా అమ్మది. తీసుకెళ్లేటప్పుడు ఒక లిస్టు, తెచ్చేటప్పుడు అదే లిస్టు. రెండు సార్లూ ఇంటి యజమాని మనిషి సంతకం పెట్టాలి. బండి వెంట డెలివరీ చలాన్, అంటే ఏ సామాను ఎక్కడికి వెళ్తోందో రాసిన కాగితం ఉండాలి, లేకపోతే గేటు దగ్గరా రోడ్డు మీదా రెండు చోట్లా ఆపుతారు.

ఏడాదిలో మూడు ఇళ్లకైనా వెళ్లని వస్తువును అమ్మేయి. నచ్చి కొన్నామని ఉంచుకుంటే గోడౌన్ నిండుతుంది, పని జరగదు.

కొత్త గడప
అక్కా, ఇది చాలా ఉపయోగం. ఇవాళే మొదలుపెడతాను. పరుపుల సంగతి ఏంటి?

గోడౌన్ అక్క
పరుపులు కొనొద్దు, అద్దెకూ తేవద్దు. గాలి పరుపు, లేదా థర్మోకోల్ పలకల మీద మందపాటి దుప్పటి. ఎవరూ పడుకోరు కదా. ఒకసారి అద్దె పరుపుతో నల్లులు వచ్చాయి నాకు. ఆ ఫ్లాటంతా మందు కొట్టించి ఇచ్చాను, నా డబ్బుతో. అప్పుడే అద్దె సామానుకు దండం పెట్టేశాను.

లెక్కల అనంతపురం
ఒక పరుపులో నల్లులు వచ్చాయని ఏడు లక్షల ఇరవై వేల అప్పు చేయమనడం న్యాయమా అక్కా?

గోడౌన్ అక్క
నేను అప్పు చేయమన్నానా? కొనమన్నాను.

లెక్కల అనంతపురం
ఆమె మొదటి పోస్టులోనే లోన్ అని రాశారు. అది చదవకుండా "ఆలోచించాల్సిన పనే లేదు" అని రాశారు మీరు. అదే నాకు కోపం తెప్పించింది. ఇలాంటి మాట మాకూ ఒకరు చెప్పారు.

మా ఆవిడ ఇదే పని చేసేది. మంచి చెయ్యి తనది, ఖాళీ గదిలో అడుగుపెడితే ఎక్కడ ఏది ఉండాలో చెప్పేసేది. 2021లో తన బంగారం కుదువపెట్టి నాలుగు సెట్లు కొన్నాం. సర్జాపూర్ రోడ్డు వైపు చవగ్గా వస్తోందని గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడౌన్ తీసుకున్నాం. 2022 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకు బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు ఎలా మునిగాయో ఇక్కడున్న వాళ్లందరికీ గుర్తుంటుంది. మా గోడౌన్‌లో మోకాటి లోతు నీళ్లు రెండు రోజులున్నాయి. సోఫాలు నీళ్లు పీల్చి నలుగురు పట్టినా లేవలేదు. సరుకుకు ఇన్సూరెన్స్ చేయించలేదు, అది మా తప్పు. గాజులు ఇప్పటికీ విడిపించలేదు. తను మళ్లీ ఆ పని జోలికి పోలేదు. అంకెలు కాదు, ఇదీ నేను వద్దనడానికి కారణం.

గోడౌన్ అక్క
అయ్యో. ఈ మాట ముందే చెప్పాల్సింది అన్నా. కానీ మీకు వాన నష్టం చేసింది, కొనడం కాదు. చెక్క పాలెట్ల మీద అడుగు ఎత్తున పెట్టి, మెట్ట మీద గోడౌన్ తీసుకుని, ఇన్సూరెన్స్ చేయించుకుంటే ఇంత జరిగేది కాదు.

నా సంగతి వినండి. నాలుగేళ్ల కిందట ఒక యజమాని, ఊళ్లో ఉండడు, విదేశంలో. రెండు నెలలకు మాట్లాడుకుని త్రిబుల్ బెడ్‌రూమ్ సర్దాను. ఇల్లు ఏడు నెలలు అమ్ముడు కాలేదు. అదనంగా రూపాయి ఇవ్వలేదు. సామాను తీసుకుంటానంటే తాళం ఆయన బంధువు దగ్గర, సామాను బయటికి పంపమని సెక్యూరిటీకి రాసే గేట్ పాస్ ఆయన ఇవ్వాలి. "చూడ్డానికి వస్తున్నారు, వారం ఆగండి" అని ఏడు నెలలూ వారం వారం అన్నాడు. అది అద్దె సామాను అయ్యుంటే ఆ అయిదు నెలల అద్దె నేను కట్టి రోడ్డున పడేదాన్ని. సొంతది కాబట్టి బతికాను.

లెక్కల అనంతపురం
అక్కా, అక్కడే నేను ఒప్పుకోను. అయిదు నెలలు మీ సెట్టు బందీ అయింది. ఆ అయిదు నెలల్లో అది ఇంకో రెండు ఇళ్లు చేసేది. బిల్లు రాలేదు కాబట్టి నష్టం మీకు కనబడలేదు. ఆ యజమాని మీ సామానును ఉచితంగా వాడుకున్నాడు. సొంతదైనా అద్దెదైనా ఆ ఆలస్యం మన నెత్తినే పడింది.

వైట్‌ఫీల్డ్ బ్రోకర్
ఏ యజమానీ నెల నెలా అదనంగా ఇవ్వడండీ. "ఇల్లు అమ్ముడయ్యాక ఇస్తాను" అనే అంటారు. గట్టిగా అడిగితే స్టేజింగే వద్దంటారు, నాకు బేరం పోతుంది.

గోడౌన్ అక్క
మీకు అమ్మిన రోజు రెండు శాతం వస్తుంది. కోటి రూపాయల ఫ్లాటుకు రెండు లక్షలు. నాకు ఆ ఇంటికి 55,000. అందులోంచి ఆలస్యం కూడా నేనే మొయ్యాలా? మీలాంటి వాళ్లు "అడగొద్దు" అని చెప్పబట్టే ఆ ఏడు నెలలూ అడగలేకపోయాను. నన్ను ఆ ఇంటికి తీసుకెళ్లింది కూడా ఒక బ్రోకరే. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా బ్రోకర్ నా తరఫున యజమానితో మాట్లాడాడా?

వైట్‌ఫీల్డ్ బ్రోకర్
ఆ బ్రోకర్ నేను కాదు. కోపం నా మీద తీర్చుకోవద్దు.

డాలస్ తమ్ముడు
అక్కా, ఇక్కడ ఒప్పందంలోనే రాసుకుంటారు. మొదటి ముప్పై, అరవై రోజులకు ఒక మొత్తం, ముందే కట్టాలి. ఆ తర్వాత ఇల్లు అమ్ముడు కాకపోతే నెలకు ఇంత అద్దె. కట్టకపోతే సామాను తీసుకెళ్లే హక్కు ఉంటుంది. అమ్మకంతో ముడిపెట్టరు.

లెక్కల అనంతపురం
అదే కావాల్సింది. దానితో పాటు ఒక తాళం చెవి మన దగ్గర, గేట్ పాస్ లెటర్ మొదటి రోజే సంతకం పెట్టించి.

గోడౌన్ అక్క
గేట్ పాస్ లెటర్ తారీఖు లేకుండా. అవును. అది నాకు తట్టలేదు.

మూడో అంతస్తు
చాలా అపార్ట్‌మెంట్లలో ఆదివారం సామాను దించనివ్వరు, సాయంత్రం అయిదు దాటినా అంతే. అది కూడా ఒప్పందంలో రాసుకోండి.

కొత్త గడప
రెండు రోజులుగా మొత్తం మళ్లీ మళ్లీ చదివాను. నా ఆరు ఇళ్లలో రెండు చెప్పిన గడువు దాటాయి, మూడు నెలల అద్దె నా చేతి నుంచే పెట్టాను. ఆ మూడు నెలలకు 56,640 అయిందని నిన్న రాత్రి కూర్చుని లెక్క వేస్తేగానీ తెలియలేదు. నేను సామాను గురించి అడిగాను కానీ నా డబ్బు పోతున్నది అక్కడ.

లోన్ తీసుకోవట్లేదు. మా ఆయనకు లెక్కల అన్న పోస్టు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గలీబులు, దీపాలు, పటాలు, కర్టెన్లు మాత్రం కొనుక్కుని మా రెండో బెడ్‌రూమ్‌లో పెట్టుకుంటాను. వచ్చే ఇంటి నుంచి అరవై రోజుల ఒప్పందం, ఆపైన నెల అద్దె. ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేస్తాను.

అక్కా, ఒకటి అడగనా? ఆషాఢంలో మీ సెట్లు ఖాళీగా ఉంటాయి కదా. నాకు వచ్చే నెలలో ఎన్ఆర్ఐ వాళ్ల ఇల్లు ఒకటుంది, వాళ్లకు ఆషాఢం పట్టింపు లేదు. ఒక సెట్టు అద్దెకు ఇస్తారా?

గోడౌన్ అక్క
ఇస్తాను. నెలకు 11,000. లిస్టు మీద సంతకం, నష్టానికి 20,000 డిపాజిట్. ఒప్పందంలో అరవై రోజుల మాట ఉంటేనే. లేకపోతే సామాను కదలదు.

లెక్కల అన్నా, మీ ఆవిడకు ఇష్టమైతే ఒకసారి గోడౌన్‌కు రమ్మనండి. సామాను కొనక్కర్లేదు. సర్దే చెయ్యి ఉన్నవాళ్లు నాకు దొరకడం లేదు.

లెక్కల అనంతపురం
అడుగుతాను అక్కా. ఏమంటుందో తెలియదు. అడుగుతాను.

గోడౌన్ అక్క
కొత్త గడపా, శనివారం పొద్దున పదింటికి రా. చుడీదార్ వేసుకుని రా, పై అరల్లోవి కూడా నంబర్లు చూసి నువ్వే రాసుకోవాలి.