పాత ఎస్‌ఎంపీఎస్‌ని బెంచ్ సప్లయ్‌గా వాడితే ఫ్యాన్ తీసేయొచ్చా?

బెజవాడ బెంచ్:
పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) ఉంది. పచ్చ వైరుని నల్ల వైరుతో కలిపి ఆన్ చేసుకుని, 12 వోల్టుల మీద ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, చిన్న మోటార్లు నడిపి చూస్తుంటాను. 3 ఆంపియర్లు దాటదు. వెనకున్న 80 మి.మీ. ఫ్యాన్ మాత్రం ఎప్పుడూ ఫుల్ స్పీడే. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆన్ చేయాలంటే టెన్షన్. ఇంత చిన్న లోడుకి ఫ్యాన్ అవసరమా? పీకేస్తే ఏమవుతుంది?

నిశ్శబ్దం కావాలి:
పీకేయండి. మూతకి ఇంకొన్ని బెజ్జాలు పెట్టి, ఫ్యాన్ లేకుండానే రెండేళ్లుగా వాడుతున్నాను. 450 వాట్లు ఇవ్వగలిగినదాన్ని మీరు అడిగేది 12 వోల్టులు × 3 ఆంపియర్లు, అంటే 36. ఫ్యాన్ లేని ఎస్‌ఎంపీఎస్‌లు కంపెనీలే అమ్ముతున్నాయి కదా!

రిపేరు బల్ల:
నేను ఒప్పుకోను. చూడాల్సింది లోడుని కాదు, లోపల మిగిలే వేడిని. పాతదాని సామర్థ్యం 70 శాతం అనుకున్నా, 36 వాట్లు ఇవ్వడానికి కరెంటు లైను నుంచి 51 దాకా లాగుతుంది. ఆ 15 వాట్లూ డబ్బాలో వేడిగా మిగిలేవే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వేడిలో సగానికి పైగా, అదీ మూసిన రేకు డబ్బాలో. ఫ్యాన్ లేకుండా అమ్మేవి 90 శాతం దగ్గర పనిచేస్తాయి, ఇదే లోడుకి వాటిలో మిగిలేది 4 వాట్లు. వాటి హీట్‌సింకులూ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు పలకలు) పెద్దవి. మనవాటిలో ఉన్నవి పల్చటి అల్యూమినియం పలకలు, గాలి తోస్తేనే చల్లబడతాయి.

రెండేళ్లు నడిచిందంటే నమ్ముతాను. వెంటనే కాలిపోదు, లోపల కరెంటుని నిలవచేసే కెపాసిటర్లు మెల్లగా ఎండిపోతాయి. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో బెజవాడలో గదే 38 డిగ్రీలుంటే డబ్బా లోపల ఎంతుంటుందో ఆలోచించండి.

ఫ్యాన్‌ని ఆపకండి, నెమ్మది చేయండి. వేగం సగమైతే గాలీ సగమే తగ్గుతుంది, గాలి రొద మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఫ్యాన్ ప్లస్‌ని 12 వోల్టుల పసుపు వైరుకి, మైనస్‌ని 5 వోల్టుల ఎర్ర వైరుకి ఇస్తే దానికి అందేది 7 వోల్టులే.

నిశ్శబ్దం కావాలి:
లెక్క ఒప్పుకుంటాను. నా లోడు 1 ఆంపియర్ లోపే, అందుకే నడిచిందేమో. కానీ ఆ 7 వోల్టుల పద్ధతిలో ఫ్యాన్ కరెంటు 5 వోల్టుల లైనులోకి దిగుతుంది. అక్కడ లోడు లేకపోతే వోల్టేజి పైకి పోతుంది. అది చెప్పకుండా సలహా ఇవ్వకూడదు.

రిపేరు బల్ల:
నిజమే, చెప్పాల్సింది. 5 వోల్టుల మీద 10 ఓమ్స్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ పెట్టాలి. అది అర ఆంపియర్ తీసుకుంటుంది, చిన్న ఫ్యాన్ కరెంటు అంతకంటే తక్కువే. చాలా పాతవాటిలో 5 వోల్టుల మీద లోడు లేకపోతే 12 కూడా కుదురుగా ఉండదు, కాబట్టి ఎలాగూ కావలసిందే. రెసిస్టర్ వేలు చురుక్కుమనేంత కాలుతుంది, గాలి తగిలేచోట, వైర్లకి దూరంగా బిగించండి.

ఇంతకీ మీది గాలి రొదా, కరకరా? కరకరైతే బేరింగు ఎండినట్టు. స్టిక్కరు కింద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేసి చూడండి, తగ్గకపోతే ఫ్యాన్ మార్చడమే. డబ్బా తెరిచే ముందు ప్లగ్ పీకి కాసేపు ఆగండి. పెద్ద కెపాసిటర్ల వైపు 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. మీటరుతో కొలిచి, పూర్తిగా దిగిందని చూశాకే చెయ్యి పెట్టండి.

బెజవాడ బెంచ్:
మాది కరకరే అండీ, చలికాలం పొద్దున మరీ ఎక్కువ. ముందు నూనె వేస్తాను. ఆ తర్వాత రెసిస్టర్ పెట్టి 7 వోల్టులకి మారుస్తాను. ఆ వోల్టేజిలో ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్ కదులుతుందో లేదో పదిసార్లు చూసి, కదలకపోతే కొత్త ఫ్యాన్ కొంటాను. పీకడం మాత్రం మానుకున్నాను.