పర్యావరణ దృష్టితో బైబిల్ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒలీవకొమ్మ:
వందనాలండి. యౌవనస్థుల కూడికలో నాలుగు వారాలు భూమి, నీళ్లు, చెట్ల వైపు నుంచి బైబిల్ చదవాలనుకుంటున్నాం. ఆదికాండం 1:28తో మొదలుపెడితే, జీవులన్నిటినీ 'ఏలుడి' అని దేవుడు మనుషులతో అన్న మాట దగ్గరే వాదన మొదలై అక్కడే ఆగిపోతోంది. వచనాల్ని మనకు కావలసిన వైపు లాగకుండా చదవడం ఎలా?

పరిగె:
మోషే ధర్మశాస్త్రంతో మొదలుపెట్టండి, అక్కడున్నవి సేద్యపు నియమాలు. నిర్గమ 23:10-11 ప్రకారం ఆరేళ్లు విత్తి ఏడో ఏడు బీడు పెట్టాలి. దానంతట పండింది బీదలకు, వాళ్లు తినగా మిగిలింది అడవి మృగాలకు. లేవీ 25:23లో అసలు కారణం ఉంది: భూమి దేవునిది, మనం ఆయన దగ్గర పరదేశులం, అందుకే శాశ్వతంగా అమ్మకూడదు. 'మరి ఏడో ఏట ఏం తింటాం?' అన్న రైతు ప్రశ్న 25:20లోనే ఉంది, దాన్ని దాటెయ్యొద్దు. వెంటనే 26:34-35, 2 దినవృత్తాంతాలు 36:21 చదవండి. ప్రజలు ఇవ్వని విశ్రాంతిని, వాళ్లు బబులోను చెరలో ఉన్న కాలంలో భూమి తీసుకుంది. ఈ భాగాలన్నీ ఒకే కూడికలో చదివితేనే బలం తెలుస్తుంది.

ఎర్రనేల:
ఒక జాగ్రత్త. విశ్రాంతి సంవత్సరాన్ని భూసారం పెంచే పద్ధతిగా చెప్పకండి, వాక్యం ఆ కారణం ఇవ్వలేదు. అలాగే ద్వితీయోపదేశ 20:19-20 ముట్టడిలో పండ్ల చెట్లు నరకవద్దంటుంది, తినే పండ్లివ్వని చెట్లు నరకవచ్చంటుంది. సగం చదివి 'బైబిల్ చెట్లు నరకొద్దంది' అంటే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. నీళ్ల కోసం ద్వితీ 11:10-11 తీసుకోండి: ఐగుప్తులో కాళ్లతో నీళ్లు కట్టిన చేలు, ఇశ్రాయేలీయులు వెళ్లబోయే కానానులో ఆకాశపు వర్షం తాగే కొండల నేల. వాననే నమ్ముకున్న పాలమూరు, అనంతపురం వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఒలీవకొమ్మ:
మేలండి. '2 పేతురు 3:10 ప్రకారం భూమి ఎలాగూ కాలిపోతుంది కదా' అని తప్పకుండా అడుగుతారు.

పరిగె:
అదే అధ్యాయం 5 నుంచి 13 దాకా చదివించండి. పేతురు జలప్రళయంతో పోలుస్తున్నాడు. ఆ తీర్పు తర్వాత కూడా నోవహు దిగింది ఈ నేల మీదికే. 11వ వచనంలో 'కాబట్టి ఎలా బ్రతకాలి?' అని అడుగుతున్నాడు, చేతులు కట్టుకోమనడం లేదు. దీనికి, సృష్టి అంతా విడుదల కోసం మూలుగుతోందనే రోమా 8:19-22 జత చెయ్యండి. ఆదికాండం 1 నాలుగో వారానికి ఉంచండి. 28కి ముందు 22 చదవండి, 'ఫలించి వృద్ధిపొందుడి' అన్న ఆశీర్వాదం అక్కడ చేపలకు, పక్షులకు వచ్చింది. 29, 30లో మనిషికీ మృగాలకూ ఆహారంగా ఇచ్చింది మొక్కలే. ఆ తర్వాత 2:15, తోటను సేద్యం చేసి కాయమన్న మాట. 'ఏలుడి' మీద వాదన అప్పుడు పెట్టుకోండి.