టాప్ కమాండ్‌లో లెక్క తేలని మెమరీ ఎక్కడికి పోతోంది?

అందరికీ నమస్కారం. నాది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, ఉబుంటు లినక్స్ వాడుతున్నాను. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి ఫ్రీ కమాండ్‌లో (మెమరీ వాడకం చూపేది) యూజ్డ్ 6 జీబీ దాటుతోంది. క్యాష్ సంగతి తెలుసు, అవసరమైతే అది ఖాళీ అవుతుంది. కానీ అవైలబుల్ కూడా 1 జీబీకి పడిపోతోంది, అదే టెన్షన్.

టాప్‌లో (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా) షిఫ్ట్ ఎమ్ నొక్కి మెమరీ వారీగా పేర్చి, రెస్ కాలమ్ (ఒక్కో ప్రోగ్రామ్ పట్టుకున్న ర్యామ్) అంతా కాగితం మీద కూడి చూశాను, కిరాణా చిట్టా కూడినట్టు. షేర్డ్ పేజీలు (ప్రోగ్రాములు పంచుకునే మెమరీ) రెండేసిసార్లు లెక్కకొచ్చినా మొత్తం 2.5 జీబీ దాటలేదు. మరి మిగతాది?

ప్రాక్ కింద మెమ్‌ఇన్‌ఫో ఫైల్‌లో ఎస్‌అన్‌రీక్లెయిమ్ (కెర్నల్, అంటే సిస్టమ్ మూలభాగం, తన కోసం తీసుకున్న, సులువుగా ఖాళీ చేయలేని మెమరీ) దాదాపు 3 జీబీ ఉంది. అంటే కెర్నలే పట్టుకుని కూర్చుందా? కెర్నల్ మెమరీ వాడకం చూపే స్లాబ్‌టాప్‌లో పైనంతా కేమాలక్ (కెర్నల్‌లో అందరూ వాడే సాధారణ మెమరీ కేటాయింపు) పేర్లే, అవి ఏ డ్రైవర్‌వో అర్థం కావడం లేదు. డ్రైవర్లను ఒక్కొక్కటిగా తీసి చూడటం తప్ప వేరే దారి ఉందా?