‘అనుకొను’, ‘ఎరుక’: ఎదుటివారి మనసును చెప్పే మాటలు

‘అనుకొను’ అనే క్రియపై సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను. ‘అను’ ధాతువుకు ఆత్మార్థకమైన ‘కొను’ చేరి ఇది ఏర్పడింది. తనలో తాను చెప్పుకోవడమే ఆలోచన అన్నమాట. పాలమూరు పల్లెల్లో దీనికి ఎదురుగా నిలిచేది ‘ఎరుక’. “నాకెరుకే” అంటే ఆ సంగతి నిజమని ఒప్పుకున్నట్లే. “నువ్వు ఊరికి పోయినవనుకున్న” అంటే మాత్రం, అది పొరపాటని ఇప్పుడు తెలిసిందనే ధ్వని తరచుగా ఆ మాటలోనే వినిపిస్తుంది.

మొన్న సంక్రాంతికి మా ఊళ్లో, పిల్లలు చూస్తుండగానే మా అమ్మ గోడ గూట్లోని బెల్లం తీసి ఉట్టి మీది చట్టిలో పెట్టింది. పొలానికి పోయిన మా చెల్లెలు ఇంకా రాలేదు. “మీ అమ్మ బెల్లం ఏడ దేవులాడుతది?” అని అడిగితే, మూడేండ్ల మేనల్లుడు “ఉట్టి మీద” అన్నాడు. వాడి ఐదేండ్ల అక్క వెంటనే “కాదు, గూట్లనే ఉన్నదనుకుంటది” అని దిద్దింది. ఆ ‘అనుకుంటది’ విని నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

1983లో మనస్తత్వ శాస్త్రవేత్తలు విమ్మర్, పెర్నర్ చాక్లెట్‌తో చేసిన పరీక్ష సరిగ్గా ఇదే. నాలుగేండ్లు దాటుతుండగా పిల్లలు సరైన జవాబు చెప్పసాగారు. అయితే 2005లో ఒనిషి, బయార్జాన్ 15 నెలల పసివాళ్ల చూపులను గమనించి, ఎదుటివారి పొరపాటు నమ్మకాన్ని పసిగట్టే ఈ శక్తి మాటల కంటే ముందే ఉందన్నారు. ఆ తరహా ఫలితాలు తర్వాతి ప్రయోగాలన్నింటిలోనూ నిలబడలేదు. నికరాగ్వాలో చెవిటివారి మధ్య కొత్తగా పుట్టిన సైగల భాషను పరిశీలించిన పయర్స్, సెంగాస్ 2009లో చెప్పిన సంగతి నాకు మరింత బలంగా తోస్తుంది: ‘అనుకొను’ వంటి సైగలు తక్కువగా ఉన్న తొలి తరం పెద్దలు ఇలాంటి పరీక్షలో తడబడ్డారు, ఆ సైగలు నేర్చిన తర్వాత మెరుగయ్యారు. కనుక పుట్టుకతో వచ్చేది ఎంతో కొంత ఉన్నా, దాన్ని పూర్తి చేసేది ఇంట్లో వినే ఇలాంటి మాటలేనని నా నమ్మకం.

జవాబు (నల్లగొండ నుంచి):
మీరు చెప్పినదానికి ఒక్కటి చేర్చాలి. చెవిటి తల్లిదండ్రుల దగ్గర పుట్టుక నుంచీ సైగలతో పెరిగిన చెవిటి పిల్లలు ఈ పరీక్షలో వినగలిగే పిల్లలకు తీసిపోరు. కనుక కావలసింది వినికిడి కాదు, భాష. ఇక వ్యాకరణం సంగతి: ‘నాకు’ ఎరుక, కానీ ‘నేను’ అనుకుంటి. ఎరుక మనకు కలిగేది, అనుకోవడం మనం చేసేది. “నువ్వొస్తవనుకుంటి” అని మా వైపు అన్నప్పుడు, ఆ పొరపాటు అనుకున్నవాడిదేనని విభక్తే చెబుతుంది.